పదహారింతలకు నాలుగింతలు

హానుస్,
నీ గీత ఇంకా అక్కడే ఉంది.
సెట్టింగుల ఫైల్లో పదకొండో వరుస,
దాని నెత్తిన నీ మాట:
"దీన్ని ముట్టుకోకండి. ఎందుకో నాకు తెలుసు."
ఎందుకో మాత్రం రాయలేదు.
రాసి ఉంటే మంగళవారం రాత్రి
నాకు కాస్త కునుకు పట్టేది.

మెమరీ పెంచాం, కబురు అందే ఉంటుంది.
పదహారు గిగాబైట్ల ముసలిదానికి
రెండువందల యాభై ఆరు,
పది రెట్లు చురుకైన నెట్‌వర్క్ కార్డు.
ఓడలో వచ్చిన పెట్టెను
బార్డుర్ చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని
క్లాక్స్‌విక్ రేవు నుంచి కొండ మీదికి తెచ్చాడు.
పలకలన్నీ టక్కు టక్కున కూర్చున్నాయి.
కరువు తీరిందనుకున్నాం.
కేకు కూడా కోశాం, సిగ్గులేకుండా.

మూడో రాత్రి, రెండు దాటాక,
బ్యాకప్ మొదలైన వేళ
తెర మీద ఒక పడవ లేదు.
స్వార్ట్‌బాకుర్. అయిదుగురు మనుషులు.
నలభై సెకన్లు.
మళ్ళీ కనబడింది, ఏమీ ఎరగనట్టు,
కాస్త ఉత్తరానికి జరిగి.
సముద్రం దాన్ని మింగలేదు, హానుస్.
మనమే మింగాం.

లాగ్ నిండా ఒకటే వాక్యం:
పేజీ ఇవ్వలేకపోయాను.
అంత కొండను పెట్టుకుని
నాలుగు కిలోబైట్లు లేవంటుంది!
నవ్వొచ్చింది.
పడవ గుర్తొచ్చి ఆగిపోయింది.

ఖాళీ కనబడితే కెర్నెల్ ఊరుకోదు కదా,
చదివిన ప్రతి ఫైలునూ పక్కన పెట్టుకుంటుంది,
రేపెవరైనా అడుగుతారేమోనని.
అది పేరాశ కాదు, పొదుపే.
అడిగినవాడు ఓపిక పట్టగలిగితే
పాతవి తీసేసి చోటిస్తుంది.
కానీ అలల మీంచి వచ్చే పాకెట్టు
గుమ్మంలో నిలబడి
"మీరు సర్దుకోండి, నేను కూర్చుంటా" అనదు.
చోటుందా, లేదా. లేదంటే నేలపాలు.
ఆగలేనివాళ్ళ కోసం
అడుగున కొంత ఎవరికీ పెట్టకుండా ఉంచాలి.
ఆ కొంత ఎంతో చెప్పేదే నీ గీత.

నువ్వు లేకపోతే లెక్క తానే కట్టుకునేది.
నువ్వు మేకు కొట్టావు,
పదహారువేల మూడువందల ఎనభై నాలుగు దగ్గర.
ఆనాటి ఇంటికి సరిగ్గా సరిపోయిన మేకు.
ఇల్లు పెరిగింది, మేకు పెరగలేదు.

"ఇంత ఉంది, వందింతలు చెయ్" అన్నాడు బార్డుర్.
పరీక్ష మెషీన్ మీద చేశాం కూడా,
వందకు కాదు, అయిదువందలకు, కసిగా.
ఆపద కోసం దాచిన చోటే
ఊపిరాడనివ్వక డేటాబేస్ పీక నొక్కింది.
మిగుల్చుకోవడంతో కూడా
చావొచ్చని ఆ సాయంత్రం తెలిసింది.

అప్పుడు నీ చాట్లుర్ గుర్తొచ్చింది,
వాలులో గాలికి ఎదురుగా, మాంసం ఎండేసే చెక్కకొట్టం.
బల్లకీ బల్లకీ నడుమ వేలెడు సందు.
"సందు మూస్తే కుళ్ళుతుంది,
పెంచితే వాన తాగుతుంది" అన్నావు.
నీ అల్లుడు దానికి మూడింతల కొట్టం కట్టినప్పుడు
సందు ఎంత పెట్టాలని అడిగితే
నువ్వు చేతివేళ్ళు చూసుకుని
వేలున్నర చూపించావు.
వర్గమూలం నీకెవరు చెప్పారు?

మెమరీ పదహారింతలైతే
నిల్వ నాలుగింతలే.
అరవై అయిదువేల అయిదువందల ముప్పై ఆరు.
రాశాను. నీ మాట కొట్టేసి నా మాట పెట్టాను,
ఎందుకో, ఎప్పుడు మార్చాలో, రెండూ.
కొంచెం పొడుగైంది. తిడతావు.

నిన్న రాత్రి బ్యాకప్ మొత్తం కూర్చుని చూశాను.
స్వార్ట్‌బాకుర్ జాడ తెగలేదు.
దాని సరంగు ఐయున్‌కి ఇవేవీ తెలియవు,
రేవులో ఎదురైతే వాతావరణం సంగతే మాట్లాడతాడు.

కానీ రెండూ పద్నాలుగుకి
ఒక్కసారి, ఒకే ఒక్కసారి,
పేజీ ఇవ్వలేకపోయాను.
ఒక్కటే కదా అని బార్డుర్ వెళ్ళి పడుకున్నాడు.
నేను ఆ వాక్యం ముందే ఉన్నాను.
నీకు తెలిసిన ఆ "ఎందుకో"
ఇంకేమైనా ఉందా, హానుస్?

మర్జున్